వాకిట్లో తిన్నన, రోడ్డు మీద వంకర

నరేంద్రబాబు ఆ ఉదయం వేసుకున్న పథకంలో తప్పుపట్టాల్సిందేమీ లేదు. బస్సు కడగాలి. ముందు అద్దానికి పసుపు, కుంకుమ పెట్టాలి. నాలుగు ఇడ్లీలు తినాలి. పదింటికల్లా చిట్టమూరు దారిలో ఉన్న రొయ్యల ఫ్యాక్టరీ ముందు బస్సు నిలబెట్టి, లిల్లీ మేడమ్‌కు నమస్కారం పెట్టాలి. రొయ్యలు వొలిచే ఆడవాళ్లను పొద్దున ఊళ్లనుంచి తీసుకొచ్చి సాయంత్రం మళ్లీ దించే పని ఎవరి బస్సుకివ్వాలో తేల్చేది ఆ లిల్లీ మేడమే. ఆవిడ బస్సు చూస్తారు, బాగుందంటారు, ఇతను ఇంటికొచ్చి పప్పన్నం తింటాడు. ఇంతే పథకం.

ఇంత చిన్న పథకం మీద ఒక సంసారం ఆధారపడి ఉంది. పెళ్లయిన నాటినుంచీ నరేంద్రబాబు ఇతరుల స్లీపర్ బస్సులు తోలాడు. రాత్రంతా స్టీరింగు, పగలంతా బెంగుళూరులో ఏదో రేకుల షెడ్డులో నిద్ర. ప్రేమలీలకు మొగుడంటే ఎప్పుడో ఒకసారి ఊడిపడి, మిట్టమధ్యాహ్నం కిటికీలు మూసుకుని గురకపెట్టి, చీకటి పడగానే చెప్పులు వెతుక్కునే మనిషి. ఇన్నాళ్లకు సొంతంగా ఒక పాత బస్సు కొన్నాడు. ఫ్యాక్టరీ పని దొరికితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరతాడు. దొరక్కపోతే ఈ బస్సూ, అతనూ కలిసి మళ్లీ రాత్రుళ్లు బెంగుళూరు దారి పట్టాల్సిందే.

"పెద్ద కోరికలేమీ లేవండీ నాకు. రాత్రిపూట అన్నం తినేటప్పుడు ఎదురుగా ఒక మనిషి కూర్చోనుండాల. అంతే," అని ప్రేమలీల ముందురోజు కూడా అంది. ఆ మాట నరేంద్రబాబు గుండెలో ముల్లులా కూర్చుంది.

బస్సు పాతదే గానీ దర్జా గలది. మామూలు బస్సులకు కింద కుదుపు ఆపడానికి ఇనప కమాన్ కట్టలుంటాయి. దీనికి చక్రాల దగ్గర లావుపాటి రబ్బరు బెలూన్లున్నాయి. వాటిలో నిండిన గాలి మీదే బస్సు నిలబడుతుంది. ఏ పక్క బరువు ఎక్కితే ఆ పక్క సుయ్యిమని గాలి చేరుతుంది, బరువు దిగితే బుస్సుమని పోతుంది. ఎంత ఎత్తున ఉండాలో చూసుకోవడానికి పక్కకొక వాల్వు, దానికొక సన్నటి రాడ్డు. గుంతలో పడ్డా లోపలున్న మనిషికి తెలియదు. అలాంటి బస్సును ముందురోజు చీకటిపడ్డాక గూడూరు తీసుకొచ్చి, కొత్తగా కట్టిన ఇంటి వాకిట్లోకి వెనక్కి పోనిచ్చి, ముఖం తూర్పు గేటువైపు పెట్టి నిలబెట్టాడు. ముఖం తూర్పుకే ఉండాలని మామగారి ఆజ్ఞ.

మామగారి గురించి ఒక మాట చెప్పుకోవాలి. హజరత్తయ్యకు సైదాపురం పక్కన నిమ్మతోట ఉంది, తల నిండా వాస్తు ఉంది. అల్లుడు బెంగుళూరులో నిద్రపోతున్న కాలంలో ఈ ఇంటిని దగ్గరుండి కట్టించింది ఆయనే. వాకిలి నేల పోయించే రోజున కుర్చీ వేసుకుని ఎండలో కూర్చున్నాడు. వాన చుక్క ఎక్కడ పడినా పరుగెత్తుకుంటూ ఈశాన్యం మూలకే పోవాలన్నాడు. మేస్త్రీ కొంచెం వాటం, అంటే కొద్దిపాటి వాలు, చాలన్నాడు. ఆ కొంచానికి ఇంకొంచెం, దాని మీద ఇంకొంచెం పెట్టించేదాకా ఆయన కుర్చీ దిగలేదు. అప్పటినుంచీ ఇంటికి ఎవరొచ్చినా మంచినీళ్లకంటే ముందు ఆయన చొక్కా జేబులోంచి ఒక నిమ్మకాయ తీస్తాడు, నైరుతి మూల నేల మీద పెట్టి వదులుతాడు, అది దొర్లుకుంటూ ఈశాన్యం తూములోకి పోయేదాకా వచ్చినవాళ్లను కదలనివ్వడు. చుట్టాలందరూ ఆ నిమ్మకాయను చూసినవాళ్లే. ఇంట్లోవాళ్లు ఎప్పుడో చూడడం మానేశారు.

అలాంటి ఇంటి డాబా మీద బట్టలు ఆరేస్తూ ప్రేమలీల కిందికి తొంగిచూసింది.

"ఏమండీ, బస్సు ఎడమ పక్కకి వాలినట్టు లేదూ?"

చక్రాల మీద బకెట్టుతో నీళ్లు కొడుతున్న నరేంద్రబాబు తల పైకెత్తాడు. "పైనుంచి చూస్తే అన్నీ అట్నే కనపడతాయిలే ప్రేమా."

"అయితే పిట్టగోడ కూడా అట్నే కనపడాల గదా? అది తిన్నంగానే ఉండాది."

నరేంద్రబాబు గేటు దాకా నడిచి వెనక్కి తిరిగి చూశాడు. నిటారుగా నిలబడ్డ ఇంటి స్తంభం పక్కన బస్సు ఎడమ భుజం కిందికి జార్చి, ముక్కు కాస్త దించి, అలిగిన పెళ్లికొడుకులా నిలబడి ఉంది. రాత్రంతా నిలబడితే గాలి దిగుతుందిలే అని తనకు తాను చెప్పుకుని ఇంజను వేశాడు. గాలి ఒత్తిడి చూపే ముల్లు పైకెక్కింది, బెలూన్లు ఉబ్బాయి, బస్సు రెండు పక్కలా సమానంగా లేచింది. లేచి, అదే వంకరతో నిలబడింది.

అల్లావుద్దీన్‌కు ఫోను వెళ్లింది. గూడూరు బస్టాండు వెనక అతని షెడ్డు. లారీ కమాన్లు విప్పి కట్టడంలో అతనికి పేరుంది. గాలి బెలూన్ల బళ్లు మాత్రం ఈమధ్యే, అదీ ఎక్కువభాగం సెల్‌ఫోన్ వీడియోల్లో చూశాడు. అయితే 'నాకు తెలీదు' అనే మాట అతని నోట విన్నవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. స్కూటరు దిగీ దిగకముందే బస్సును ఒక చూపు చూసి నాలుక చప్పరించాడు.

"ఎడం పక్క బెలూను లీకు. అరే, కళ్లు మూసుకోని చెప్తా నరేంద్రా. చెల్లెమ్మా, గిన్నెలో కాసిని సబ్బునీళ్లు తీసుకురా. లీకున్న కాడ బుడగ రాకపోతే నా పేరు అల్లావుద్దీనే కాదు."

సబ్బునీళ్లు వచ్చాయి. బ్రష్షు ముంచి బెలూన్లకూ పైపులకూ పట్టించాడు. ఒక్క బుడగ రాలేదు. నురగ చాలలేదేమోనని ప్రేమలీల షాంపూ ప్యాకెట్లు కత్తిరించి పోసింది. బస్సు కింద సంపెంగ వాసన వచ్చింది గానీ బుడగ రాలేదు.

"లీకు లేదు," అన్నాడు నరేంద్రబాబు ఆశగా.

"లేదని ఎవరన్నారు? దాక్కోనుండాది. ఉండు, కొలతేస్తే దాని బండారం బైటపడతాది."

టేపు తీసి నాలుగు చక్రాల దగ్గరా నేలనుంచి బాడీ అంచు దాకా కొలిచాడు. నాలుగూ ఒకటే వచ్చాయి. మళ్లీ కొలిచాడు. మళ్లీ అంతే. టేపును విదిలించి చూశాడు.

"ఈ టేపు పని అయిపోయింది."

ప్రేమలీల కుట్టుమిషను సొరుగులోంచి తన టేపు తెచ్చింది. దానితోనూ అంతే వచ్చింది. అల్లావుద్దీన్ రెండు టేపులనూ పక్కపక్కన పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. "రెండూ ఒక అంగట్లోనే కొన్నట్టుండారు," అని తేల్చాడు.

అతను ఆ ఉదయమంతా వేసిన ప్రశ్నల్లో తెలివైనది అప్పుడే ఒకటి వేశాడు. అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్న హజరత్తయ్య వైపు తిరిగి, గొంతు తగ్గించి, "పెద్దాయనా, ఇట్టా అడిగినానని ఏమీ అనుకోవద్దు. ఈ నేల..." అన్నాడు.

హజరత్తయ్య గ్లాసు టక్కున కింద పెట్టాడు. "నేలా? ఏంది, నేలకి వచ్చిన రోగం? ఎండలో మాడిపోతా నేను దగ్గరుండి పోయించిన నేల ఇది. గూడూరు మొత్తానికి ఇంత పద్ధతైన వాకిలి ఇంకోటి చూపించు, ఈ మీసం తీసేస్తా. అనుమానమైతే ఇప్పుడే..." అంటూ చేయి జేబులోకి పోనిచ్చాడు.

"నాన్నా! ఇప్పుడు కాదు నిమ్మకాయ," అంది ప్రేమలీల విసుగ్గా. "ఆయన కంగారులో ఆయనుంటే."

ఆయన మూతి ముడుచుకుని నిమ్మకాయను జేబులోనే వదిలేశాడు. అల్లావుద్దీన్ చెవులు పట్టుకుని, "మీ నేలనంటే నా కళ్లు పోతాయి పెద్దాయనా," అని ఆ దారి వదిలేశాడు. తర్వాత జరిగిందంతా ఆ నిమ్మకాయ జేబులో ఉండిపోబట్టే జరిగింది.

అలక తీరాక హజరత్తయ్యే ఉపాయం చెప్పాడు. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీ మట్టం చూసిన పారదర్శకపు నీళ్ల పైపు సామాన్ల గదిలో ఉంది. నీళ్లకు అబద్ధం చెప్పడం రాదు గదా అన్నాడు. పైపు ఒక కొస బస్సు కుడి కిటికీ దగ్గర అల్లుడు, రెండో కొస ఎడమ కిటికీ దగ్గర అల్లావుద్దీన్ పట్టుకున్నారు. నీళ్లు నిజమే చెప్పాయి. ఎడమ పక్క నాలుగు వేళ్ల మందాన కిందికుంది.

"చెప్పలా నేను!" అని అల్లావుద్దీన్ ఎగిరి గంతేశాడు. "లీకు కాదు, వాల్వు. రాడ్డు తిప్పితే సరి." బస్సు కిందికి దూరి ఎడమ పక్క రాడ్లు తిప్పాడు. సుయ్యిమంటూ గాలి చేరింది. ఎడమ భుజం మెల్లగా పైకి లేచింది. పైపులో నీళ్లు రెండు కొసల్లోనూ ఒక్క గీత మీదికొచ్చాయి. స్తంభం పక్కన బస్సు గోడకు గీసిన గీతలా నిలబడింది. ప్రేమలీల డాబా ఎక్కి చూసి చప్పట్లు కొట్టింది. హజరత్తయ్య కొబ్బరికాయ కొట్టాడు. నరేంద్రబాబు ఇడ్లీ మాట మరిచిపోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

ఏదైనా అవసరమొస్తే ఉండాలని అల్లావుద్దీన్ ఎక్కాడు. మార్కెట్టులో దించాల్సిన నిమ్మకాయల బస్తాలు వేయించుకుని హజరత్తయ్య కూడా ఎక్కాడు. బస్సు గేటు దాటి, వీధి దాటి, చదునైన తారురోడ్డు ఎక్కింది. టీ అంగడి ముందు నిలబడ్డ మనిషి గ్లాసు ఎత్తి పట్టుకుని అరిచాడు.

"ఏందన్నా, మీ బస్సు అటు పక్కకి వొరిగి పడుకోనుండాది?"

నరేంద్రబాబు బ్రేకు వేసి, దిగి, వెనక్కి వెళ్లి చూశాడు. ఈసారి బస్సు కుడి పక్కకు వాలి ఉంది. పొద్దున ఎడమకు ఎంత వాలిందో ఇప్పుడు కుడికి అంతే.

"అదేందబ్బా!" అన్నాడు నోరు తెరిచి.

"ఏముంది, నువ్వు కుడి పక్క కూర్చోనుండావు, మీ మామ కుడి పక్క కూర్చోనుండాడు. వాలక ఏం చేస్తాది?" అన్నాడు అల్లావుద్దీన్. డ్రైవరు సీటును ఎటూ మార్చలేరు గనక మామగారిని ఎడమకు మార్చారు. నిమ్మకాయల బస్తాలన్నీ ఎడమకు లాగారు. బస్తాలు పడగానే బస్సు ఎడమ పక్క ఒక్క క్షణం తగ్గింది. ఆ వెంటనే సుయ్యిమంది. తగ్గినంతా మళ్లీ లేచింది. బరువెక్కితే గాలి నింపుకుని లేవడమే దాని ఉద్యోగమన్న సంగతి అల్లావుద్దీన్ చూసిన వీడియోల్లో ఉండే ఉంటుంది. అతను మాత్రం, "బరువు చాలలేదు. ఇంకా కావాల," అన్నాడు.

ఆ బరువు ఊరి బయట అడ్డరోడ్డు దగ్గర దొరికింది. ఆడవాళ్లు పాతిక మంది దాకా టిఫిన్ క్యారియర్లు చేత్తో పట్టుకుని, ఎండకు కొంగులు కప్పుకుని, రోడ్డు వైపు మెడలు సాచి నిలబడి ఉన్నారు. నరేంద్రబాబు ఆపేలోపే అల్లావుద్దీన్ తలుపు తెరిచేశాడు.

"రండి అక్కా, రండి! ఊరికే దించుతాం. ఒకటే మాట, అందరూ ఎడం పక్కనే కూర్చోవాల!"

"ఎందుకు నాయనా, కుడి పక్క ఏమైంది?" అంది ముందుగా ఎక్కిన పెద్దావిడ. పొట్టిగా, గట్టిగా ఉంది. వెనకున్నవాళ్లంతా ఆవిడ ఎక్కాకే ఎక్కారు.

"ఎండ పడతాది అక్కా," అన్నాడు అల్లావుద్దీన్.

ఎండ ఎడమ పక్కే పడుతోంది. అయినా ఊరికే వచ్చే బస్సులో ఎండ గురించి ఎవరు పోట్లాడతారు? అందరూ ఎడమ పక్క సీట్లలో ఇద్దరేసి ముగ్గురేసి సర్దుకున్నారు. బస్సు ఒక్క క్షణం తగ్గింది. సుయ్యిమంది. కుడి వంకర కుడి వంకరలాగే ఉండిపోయింది.

"మిమ్మల్ని యాడ దించాల అక్కా?" అని అడిగాడు నరేంద్రబాబు అద్దంలో చూస్తూ.

"రొయ్యల ఫ్యాక్టరీ కాడ," అంది పెద్దావిడ. "ఆ పాడు బస్సు ఈరోజు కూడా దారిలో చచ్చింది. నేను వెంకటశేషమ్మని. వొలిచే షెడ్డుకు మేస్త్రీని. మీదేం బస్సు నాయనా, ఉయ్యాల మాదిరి ఉండాది?"

నరేంద్రబాబు ఏ ఫ్యాక్టరీ వాళ్లకు ఈ వంకర కనపడకూడదని దేవుళ్లందరికీ మొక్కుకున్నాడో, ఆ ఫ్యాక్టరీ షెడ్డు మొత్తాన్నీ తన చేతులతోనే ఎక్కించుకున్నాడు. అల్లావుద్దీన్ వైపు ఒక్క చూపు చూశాడు. అల్లావుద్దీన్ కిటికీలోంచి రొయ్యల గుంటలను ఎన్నడూ చూడనట్టు చూస్తూ కూర్చున్నాడు.

గేటు ముందు వాళ్లను దింపేసి, ఎవరూ చూడకముందే తిప్పుకుని పోదామనుకున్నాడు. గేటు పక్కనే లిల్లీ మేడమ్ నిలబడి ఉన్నారు. కూలీలు రాలేదని దారివైపే చూస్తున్నారు. బస్సును పైనుంచి కిందిదాకా చూశారు. తల కొంచెం కుడి పక్కకు వాల్చి మళ్లీ చూశారు. చేయెత్తి ఆగమన్నారు. ఆడవాళ్లు దిగారో లేదో, నరేంద్రబాబు ఆ చేతికి కాకుండా తన భయానికి లొంగిపోయి గేరు వేశాడు. బస్సు దుమ్ము లేపుకుంటూ పారిపోయింది.

కాసేపటికే ఫోను మోగింది. లిల్లీ మేడమ్. ఎత్తలేదు. మళ్లీ మోగింది. "ఎత్తబ్బా," అన్నాడు హజరత్తయ్య. "ఎత్తితే వద్దంటారు మామా. ఎత్తకపోతే ఇంకా వద్దనలేదన్నట్టే గదా," అన్నాడు నరేంద్రబాబు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సాయంత్రమే బెంగుళూరు దారి మీద తన హెడ్‌లైట్లు అతనికి కనపడుతున్నాయి.

దిగాలుగా ఇంటికొచ్చి, మామగారి ఆజ్ఞ ప్రకారం ముఖం తూర్పుకు పెట్టి, బస్సును వాకిట్లోకి వెనక్కి పోనిచ్చాడు. అల్లావుద్దీన్ దిగి చూసి కెవ్వుమన్నాడు.

"నరేంద్రా! తిన్నంగా ఉండాది!"

ముగ్గురూ బస్సు చుట్టూ తిరిగారు. నీళ్ల పైపు పట్టారు. రెండు కొసల్లో నీళ్లు ఒకే గీత మీదున్నాయి. రోడ్డు మీద వంకర, వాకిట్లో తిన్నన. ఇదేం మాయో ఎవరికీ అంతుపట్టలేదు. హజరత్తయ్యకు మాత్రం నిమిషంలో పట్టింది. ఛాతీ ఉబ్బించి మీసం దువ్వాడు.

"మాయా లేదు, మంత్రమూ లేదు. మంచి వాస్తు ఉన్న ఇంట్లో మనిషే కాదు, బండి కూడా తిన్నంగా ఉంటాది. గేటు దాటినాక నా బాధ్యత కాదు."

విచిత్రమేమిటంటే ఆ మాటను ఇద్దరూ నమ్మారు. గతిలేనప్పుడు మనిషి ఏదైనా నమ్ముతాడు. సరిగ్గా అప్పుడే ప్రేమలీల ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"మీరు ఎత్తలేదంట, అర్జీలో రాసిన నా నంబరుకి ఆ మేడమ్ చేసినారు. బస్సు సంగతి మాట్లాడాల, మీ ఇంటికే వస్తా ఉన్నానన్నారు. ఏం చేసినారండీ మీరు?"

"రానీ," అన్నాడు హజరత్తయ్య ధీమాగా. "రోడ్డు మీద చూసింది గదా, ఇప్పుడు వాకిట్లో చూస్తాది. ఆమె కళ్లదే తప్పనుకుంటాది. బస్సును మాత్రం అంగుళం కదిలించొద్దు."

అంగుళం కదిలించలేదు. అల్లావుద్దీన్ చక్రాలకు అడ్డంగా రాళ్లు కూడా పెట్టాడు. ప్రేమలీల పొయ్యి మీద చేపల పులుసు పెట్టింది. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ మామిడికాయ ముక్కలు కోస్తుంటే నరేంద్రబాబు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఈ పని పోతే నన్ను తిట్టు ప్రేమా, ఏడవొద్దు," అన్నాడు. "తిట్టడానికైనా మనిషి ఇంట్లో ఉండాల గదండీ," అంది ఆవిడ.

కారు వచ్చి ఆగింది. లిల్లీ మేడమ్, వెనకే వెంకటశేషమ్మ దిగారు. లిల్లీ మేడమ్ వాకిట్లోకి అడుగుపెట్టి, బస్సును చూసి, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"ఇది పొద్దున కుడి పక్కకి వాలి ఉంది కదా నరేంద్రబాబు గారూ?"

"అది... రోడ్డు మీద... గాలికి..." అన్నాడు నరేంద్రబాబు.

"గాలికా? బస్సా?"

ఇక హజరత్తయ్య ఆగలేకపోయాడు. కొత్తమనిషి, అందునా ఫ్యాక్టరీ మేడమ్, తన వాకిట్లో నిలబడి ఉంటే ఆయన చేయి ఆయన మాట వినదు. "అమ్మా, బస్సు తర్వాత చూద్దురు. ముందు ఇది చూడండి," అంటూ జేబులోంచి నిమ్మకాయ తీశాడు. ప్రేమలీల వంటింట్లో ఉంది. ఆపేవాళ్లెవరూ లేరు. ఆయన బస్సు వెనక నైరుతి మూలకు నడిచి, వంగి, నిమ్మకాయను నేల మీద పెట్టి వదిలాడు.

నిమ్మకాయ ఒక్క క్షణం ఆలోచించుకుని బయల్దేరింది. మెల్లగా మొదలై వేగం పుంజుకుంది. బస్సు వెనక చక్రాల మధ్యగా దూరింది. కుడినుంచి ఎడమకు, వెనకనుంచి ముందుకు, ఏటవాలుగా బస్సు కింద మొత్తం ప్రయాణం చేసింది. ముందు ఎడమ చక్రం పక్కనుంచి బయటికొచ్చి, వాకిలి దాటి, ఈశాన్యం తూములో డుబుక్కుమని పడింది.

"చూసినారా?" అన్నాడు హజరత్తయ్య. "నాలుగు వేళ్లకి తక్కువ కాకుండా వాటం పెట్టించినా."

నరేంద్రబాబు నిమ్మకాయ పోయిన దారిని చూశాడు. బస్సును చూశాడు. అల్లావుద్దీన్‌ను చూశాడు. అల్లావుద్దీన్ రెండు చేతులతో తల పట్టుకుని ఉన్నాడు.

"యా అల్లా! నాలుగు వేళ్లు," అన్నాడు గొణుగుతున్నట్టు. "టేపులు నిజమే చెప్పినాయి నరేంద్రా. బస్సు పొద్దున బాగానే ఉండింది. నేల వాలుంటే బస్సు వాలింది. దాన్ని మనమే చెడగొట్టినాం." అంటూనే స్పానరు తీసుకుని బస్సు కిందికి దూరిపోయాడు. సిగ్గుపడ్డ మనిషికి దాక్కోవడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

నరేంద్రబాబు చేతులు జోడించాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు.

"మేడమ్, ఉన్నమాట చెప్తా. బస్సులో ఏ లోపమూ లేదు. మా వాకిలి ఏటవాలు. అది తెలుసుకోకుండా మంచి బస్సును వంకర చేసుకోని రోడ్డెక్కినాం. మీకు కనపడతాదని భయపడి పారిపోయినా. ఫోనెత్తలేదు. తప్పంతా నాదే. ఇప్పుడే సరిచేస్తాడు, కావాలంటే తారురోడ్డు మీద నిలబెట్టి మళ్లీ చూడండి. వద్దంటే మాత్రం మీ దయ."

లిల్లీ మేడమ్ వెంకటశేషమ్మ వైపు తిరిగారు. "చెప్పు వెంకటశేషమ్మా, నువ్వే చెప్పు."

"చెప్పేదానికేముండాది?" అంది వెంకటశేషమ్మ నడుం మీద చేయి పెట్టుకుని. "మా ఆడోళ్లంతా ఒకటే మాట మీదుండారు. ఇంక ఆ పాత బస్సు ఎక్కేదే లేదంటా ఉండారు. దినమంతా నిలబడి రొయ్యలు వొలిచి, ఆ బస్సెక్కితే నడుములు ఇరిగిపోతాయి. మీ దాంట్లో ఎక్కినోళ్లు ఎక్కినట్టే నిద్రపోయినారు. ఆ గుంతల్లో, చూడు నాయనా, నా క్యారియర్లో చారు చుక్క ఒలకలేదు! చుక్క!"

"మరి... వంకర?" అన్నాడు నరేంద్రబాబు నమ్మలేక.

"వంకరా? పడుకునేదానికి తలగడ మాదిరి వాటంగా పెట్టినారేమో అనుకున్నాం."

లిల్లీ మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయారు. "నేను బస్సు చూడడానికి రాలేదండీ. గేటు దగ్గర ఆపమన్నది కూడా అందుకే. పాత బస్సు ఇక నడవదు. రేపటినుంచే రాగలరా అని అడగాలి. మీరేమో ఆగరు, ఫోనెత్తరు. ఇంత పట్టుబట్టి పారిపోయే మనిషిని ఇంటికొచ్చి పట్టుకోవాల్సి వచ్చింది."

వంటింటి గుమ్మంలో గరిటెతో నిలబడి అంతా విన్న ప్రేమలీల గరిటెను అక్కడే వదిలేసి వచ్చి లిల్లీ మేడమ్ రెండు చేతులూ పట్టుకుంది. "సాయంత్రం ఇంటికొచ్చేస్తారా మేడమ్? ప్రతి రోజూ?" అని అడిగింది. "దీపాలు పెట్టేలోపు," అన్నారు లిల్లీ మేడమ్. ప్రేమలీల ఏడ్చేసింది, నవ్వేసింది, భోజనం చేయకుండా కదలనివ్వనంది. పులుసు కాస్త అడుగంటింది. అయినా అందరూ మారు వడ్డించుకున్నారు. అల్లావుద్దీన్ కూడా బస్సు కిందినుంచి బయటికొచ్చి, చేతులు కడుక్కుని, "మొదట్నే నాకు నేల మీద అనుమానం," అంటూ విస్తరి ముందు కూర్చున్నాడు.

జరిగిందంతా హజరత్తయ్యకు విడమరిచి చెప్పడానికి భోజనమంతా పట్టింది. ఆయన చివరిదాకా విని, మజ్జిగ తాగి, తల పంకించాడు. "అంటే మా నేలకి తగ్గ బస్సు కాదన్నమాట. అయినా ఈశాన్యం పల్లముండబట్టే ఫ్యాక్టరీ నడుచుకుంటా ఇంటికొచ్చింది," అన్నాడు. ఆ మాటను కాదనడానికి ఎవరికీ ఓపిక లేకపోయింది.

ఆ సాయంత్రం బస్సును చదునైన రోడ్డు మీద నిలబెట్టి, రాడ్లు పాత చోటికి తిప్పి, రెండు టేపులతోనూ కొలిచి, ఇంటి ముందు వీధిలోనే ఆపుకున్నారు. వాకిట్లో అల్లావుద్దీన్ రాళ్లు మాత్రం మిగిలాయి. నరేంద్రబాబు పెళ్లానికి ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలియలేదు గానీ ఇద్దరూ చాలాసేపు తిన్నారు.

మర్నాడు పొద్దున్నే అతను వీధిలో బస్సెక్కి ఇంజను వేశాడు. ప్రేమలీల డాబా మీద బట్టలు ఆరేస్తూ తిన్నగా నిలబడ్డ బస్సును మురిపెంగా చూసుకుంది. తర్వాత పిట్టగోడను చూసింది. మళ్లీ బస్సును చూసింది.

"ఏమండీ, మన ఇల్లు కొంచెం కుడి పక్కకి వాలినట్టు లేదూ?"

నరేంద్రబాబు ఆ మాట మామగారి చెవిన పడకముందే గట్టిగా హారన్ కొట్టి బయల్దేరాడు.